పాతట్రాక్టరు కొనువారికి పాఠము



మన తాతలు కాడియెద్దులను కొనుటకై సంతకు పోయినపుడు రిత్తచేతులతో తిరిగివచ్చినను వచ్చెడివారుగాని, పరీక్ష చేయని యెద్దును తోలుకొని వచ్చెడివారు కారు. నోరు తెఱచి పండ్లు లెక్కించెడివారు. సుడులు చూచెడివారు. గిట్ట లెత్తి చూచెడివారు. మెడమీద కాడిపుండు మానిన మచ్చ యున్నదా యని చేతితో తడవెడివారు. మడకకు గట్టి నాలుగు చాళ్లు దున్నించి చూచెడివారు. ఆ పిమ్మటనే తువ్వాలు క్రింద వ్రేళ్లు పట్టుకొని బేరమాడెడివారు. అట్టివారి మనుమలమైన మనము ఇపుడు పెక్కుజతల యెద్దుల వెలపెట్టి పాతట్రాక్టరును కొనబోవునపుడు ఏమి చూచుచున్నాము? క్రొత్తగా పూసిన రంగు చూచుచున్నాము. అమ్మువాని ముఖము చూచుచున్నాము. అతని మాట విని సొమ్ము లెక్కించి యిచ్చుచున్నాము.

కాణిపాకము చుట్టుపట్ల నివసించు మనకు మాటయనిన ప్రత్యేకమైన గౌరవము కలదు. బాహుదానది చెంత బావిలో వెలసిన వరసిద్ధి వినాయకుని యెదుట అబద్ధపు ప్రమాణము చేయుటకు ఎంతటివాడైనను జంకునని యీ సీమ యంతయు నమ్మును. అప్పు తగవులు, దొంగతనపు నిందలు, అన్నదమ్ముల వివాదములు ఎన్నియో "కాణిపాకమునకు వచ్చి ప్రమాణము చేయుదువా?" అను నొక్క ప్రశ్నతో తేలిపోవుచున్నవి. ఇది మంచి యాచారమే. అయినను పాతయంత్రముల బేరములో ఈ ప్రమాణము ఎంతవఱకు పనికివచ్చునో, ఎచ్చట పనికిరాదో మాకు నష్టము మూలముననే తెలిసినది. ఆ సంగతి మొదట చెప్పి, పిదప పాఠములోనికి వచ్చెదము.

ఒక బేరము కథ

మా యెఱుకలోని యొక యువరైతునకు నాలుగెకరముల భూమి కలదు. రెండెకరములు చెఱకు, తక్కినది వేరుసెనగయు మామిడియు. బెల్లము అమ్మిన సొమ్ములో నిలువచేసినది లక్ష యెనుబది వేల రూపాయలు; తల్లి మెడలోని నగ బ్యాంకులో కుదువపెట్టి తెచ్చినది లక్ష యిరువది వేలు. ఈ మూడులక్షలు పట్టుకొని అతడు పొరుగు తాలూకాలో అమ్మకమునకున్న యొక పాతట్రాక్టరును చూడబోవుచు మమ్మును తోడు రమ్మనెను. మేము పోయితిమి.

మేము చేరునప్పటికి పగలు పదిగంటలు దాటినది. అమ్మువాడు ఏబదియేండ్ల రైతు, సౌమ్యుడు. తాళము త్రిప్పగనే యింజను పలికినది. పొలములో ఒక సుట్టు త్రిప్పి చూపెను. "అయ్యా, ఇందులో నాకు తెలిసిన దోష మేదియు లేదు. మీ కాణిపాకమునకే వచ్చి దేవునియెదుట ప్రమాణము చేసెదను" అని అతడే ముందుగా అనెను. ఆ మాటతో మా మిత్రుని సందేహము తీరెను. మా సందేహమును తీరెను. "ప్రమాణమునకు సిద్ధపడినవానిని ఇంకేమి యడుగుదుము?" అని మేమే అంటిమి. సొమ్ము చేతులు మాఱినది.

ఇరువదిదినములు గడవకముందే ట్రాక్టరు చలిప్రొద్దున పలుకుట మానినది. పలికినను నీలిపొగ క్రమ్మసాగినది. మేస్త్రీ యింజను విప్పి చూచి, పిస్టను రింగులు అరిగిపోయినవనియు, లైనర్లు గీతలు పడినవనియు, బోరు పని చేయింపక తప్పదనియు చెప్పెను. ఆ పనికి ఏబదియైదు వేలు వ్యయమైనది. ఇది చాలదన్నట్లు, ఆర్.సి. పుస్తకములో పాతబ్యాంకు అప్పు పద్దు కొట్టివేయబడలేదని అప్పుడు బయటపడెను.

పెద్దలు ఇరువురిని కూర్చుండబెట్టి విచారించిరి. అమ్మువాడు మోసగాడు కాడు. అతడును ఆ ట్రాక్టరును ఏడాదిక్రిందట మఱియొకనియొద్ద పాతదిగానే కొనెను. ఇంజను ఎన్నడును విప్పి చూడలేదు. ప్రతిదినము ప్రొద్దుననే యింజనును కొంతసేపు ఆడించి వేడిచేయుట అతనికి అలవాటు. మేము వచ్చిన దినమునను అట్లే చేసెను. తనకు తెలిసినంతవఱకు సత్యమే చెప్పెను. కావున ప్రమాణము చేయింపవలసిన పనియే లేకపోయెను. అతడు జాలితో ఇరువదివేలు తిరిగి యిచ్చెను. తక్కినది మా మిత్రుడే భరించెను. తల్లి నగ యింకను విడిపింపబడలేదు.

ప్రమాణము సత్యము; ట్రాక్టరు చెడ్డది. రెండును ఒక్కచోట ఉండవచ్చును. మనిషి తనకు తెలిసినదానికే ప్రమాణము చేయగలడు. ఇంజనులోపల అరిగిన రింగు అతనికి తెలియదు. తప్పు అతనిది కాదు. వేళ మించి పోయి, ఇంజనుమీద చేయి పెట్టి చూడక, పత్రము చదువక తలయూచిన మాది. ఈ పాఠము వ్రాయుటకు కారణ మదియే.

మొదటి యడుగు: కావలయునా?

ట్రాక్టరును పరీక్షించుటకు ముందు మన లెక్కను మనము పరీక్షించుకొనవలయును. పలకమీద వేసిన లెక్కను రెండుమార్లు సరిచూడక గురువునకు చూపరాదని మాకు బడిలో నేర్పిరి. ఇచ్చటను అట్లే చేయుదము.

ఉదాహరణకు వెల మూడులక్షలనుకొందము. నూటికి పండ్రెండు వంతున వడ్డీ సంవత్సరమునకు 36,000 రూపాయలు. ఏటేట తగ్గు వెల 24,000. భీమా, కొట్టము మొదలగువానికి 10,000. మరమ్మతులకు, టైర్లకు ప్రక్కన పెట్టవలసినది 30,000. మొత్తము ఒక లక్ష. ఈ లక్ష ట్రాక్టరు కదలినను కదలకున్నను మనమీద పడునదే యని యెంచుకొనుడు. ఇపుడు బాడుగ ట్రాక్టరునకు గంటకు 1,000 ఇచ్చుచున్నామనుకొందము. సొంతట్రాక్టరైనచో డీసెలుకు 400, తోలువానికి 100 పోగా, గంటకు 500 మిగులును. లక్షను ఐదువందలచేత భాగింపగా రెండువందలు వచ్చును. అనగా సంవత్సరమున రెండువందల గంటలు పనియున్నగాని సొంతట్రాక్టరు బాడుగదానితో సమానము కాదు. నాలుగెకరముల రైతునకు ఎకరమునకు ఆఱుగంటల వంతున ఇరువదినాలుగు గంటలే పని. తక్కిన నూటడెబ్బదియాఱు గంటలు ఎవరి పొలములో దున్నవలయును? ఆ బాడుగపని మీ యూర దొరకునా? దొరకినను సొమ్ము చేతికి వచ్చునా, చెఱకు నఱికినపుడు ఇత్తుమను మాటగా నిలుచునా?

మీ యూరి ధరలు వేఱుగా నుండవచ్చును. అంకెలు మార్చుకొని లెక్క మీరే వేయుడు. లెక్క సరిపోనిచో రెండు మార్గములు కలవు. బాడుగకే దున్నించుకొనుట యొకటి. నలుగురైదుగురు సభ్యులు కలిసి, సంఘము మూలముగా ఒక ట్రాక్టరును ఉంచుకొనుట రెండవది. 1904లో సహకారసంఘముల చట్టము ఈ దేశమున పుట్టినది ఒంటరిరైతు మోయలేని బరువును పదుగురు కలిసి మోయుటకే గదా.

రెండవ యడుగు: ఎట్టిది వెదకవలయును?

చిన్న కయ్యలకు పెద్దయంత్రము భారమే. మన మెట్టదుక్కికి, చెఱకు తోలకమునకు ముప్పదియైదు నలువది అశ్వశక్తుల ట్రాక్టరు సామాన్యముగా చాలును. మామిడితోటలో కొమ్మలక్రింద దున్నువారు ఇంకను చిన్నవానిని చూడవచ్చును.

మనదేశమున ట్రాక్టర్ల నిర్మాణము 1959లో ఫరీదాబాదులో ఐషర్ వారితో మొదలైనది. 1960లో మదరాసున టాఫే సంస్థ యేర్పడి మాస్సీఫెర్గూసన్ ట్రాక్టర్లను చేయసాగెను. 1974లో పంజాబునుండి స్వరాజ్ వచ్చెను. ఇట్లు పలుజాతులవి పాతవై నేడు చేతులు మారుచున్నవి. ఏ జాతి మేలైనదని మమ్మడుగువారు పెక్కురు. మా యుత్తర మొక్కటే: చిత్తూరు పట్టణములో దేని విడిభాగములు ఆ దినముననే దొరకునో, మీ యూరి మేస్త్రీ దేనిని కన్నులు మూసికొని విప్పి బిగింపగలడో అదియే మీకు మేలైనది. దుక్కి అదనులో విడిభాగము కొఱకు పదిదినములు ఎదురుచూచు మంచిట్రాక్టరుకంటె, సాయంకాలమునకే బాగుపడు సామాన్యట్రాక్టరు నయము.

మూడవ యడుగు: ఇంజను పరీక్ష

సూర్యోదయమునకే పొండు. "నేను వచ్చువఱకు ఇంజను ఆడింపవలదు" అని ముందురోజే చెప్పియుంచుడు. పోయినవెంటనే ఇంజను ప్రక్కను, రేడియేటరును చేతితో తాకి చూడుడు. వెచ్చగా నున్నచో ఆ దినము పరీక్ష కాదు; మఱియొకదినము పోవలయును. అరిగిన యింజను చల్లగా నున్నపుడే తన గుట్టు చెప్పును. వేడెక్కిన పిదప దాచుకొనును.

ఇంజను ఆడింపక ముందే ఆయిలుకడ్డీని తీసి చూడుడు. ఆయిలు నల్లగా నుండుట తప్పు కాదు. పాలు కలిపిన కాఫీవలె నున్నచో నీరు చేరినదన్నమాట. అట్టిదానిని విడిచి పొండు. చల్లగా నున్నపుడే రేడియేటరు మూత తీసి చూడుడు. నీటిపై నూనెతెట్టు తేలరాదు. ఇంజను వేడిగా నున్నపుడు ఆ మూతను తాకరాదు; కాగిన నీరు ముఖముపై చిమ్మును.

పిమ్మట తాళము త్రిప్పుడు. పొగగొట్టమును గమనింపుడు. చలిప్రొద్దున మొదట కొంచెము తెల్లపొగ వచ్చి పోవుట సహజము. అది వేడెక్కిన తరువాతను పోనిచో డీసెలు సరిగా మండుట లేదనియో, లోపలికి నీరు పోవుచున్నదనియో తెలిసికొనవలయును. బరువు లాగునపుడు విశేషముగా నల్లపొగ వచ్చినచో గాలి చాలకయో డీసెలు ఎక్కువయో అయినది. ఎయిర్ క్లీనరు, నాజిళ్లు, పంపు చూపింపవలయును. ఇది అంత భయపడదగినది కాదు. నీలిపొగ మాత్రము ఇంజను ఆయిలును తినుచున్నదనుటకు గుఱుతు. మా మిత్రుని యేబదియైదు వేలు పోయినది ఈ నీలిపొగలోనే.

ఇంజను ఆడుచుండగా ఆయిలుపోయు మూతను మెల్లగా వదులుచేసి చూడుడు. పలుచని ఆవిరి వచ్చిన రావచ్చును. పొయ్యిమీది కుండవలె గుప్పుగుప్పున పొగ ఎగయుచున్నచో రింగులు, లైనర్లు అరిగి మంట క్రిందికి దిగుచున్నదన్నమాట. ఈ యొక్క పరీక్షకు అరనిమిషము పట్టును. దీనిని చేయక మేము మూడులక్షల బేరము ముగించితిమి.

ఇంజను కనీసము అరగంట ఆడవలయును. వేడెక్కినపుడు ఆయిలు ఒత్తిడిని చూపు ముల్లు పడిపోరాదు. ఆపి, మరల తాళము త్రిప్పినపుడు వెంటనే పలుకవలయును.

నాల్గవ యడుగు: నడిపి చూచుట

ఖాళీగా దారిలో త్రిప్పుట పరీక్ష కాదు. ఎద్దును కాడికి గట్టినట్లే ట్రాక్టరును మడకకు గట్టి దున్నించి చూడవలయును. ప్రతి గేరును వేసి చూడుడు. పల్లమునకు దిగునపుడు గేరు దానంతట జారి బయటికి రాకూడదు. దున్నునపుడు ఇంజను శబ్దము హెచ్చి చక్రము వేగము హెచ్చకున్నచో క్లచ్చి జారుచున్నదని యెఱుగుడు. క్లచ్చి పూర్తిగా త్రొక్కినను గేరు గరగర లాడినచో అదియును లోపమే.

బ్రేకు పెడలులు రెండు గలవు: కుడిచక్రమున కొకటి, ఎడమచక్రమున కొకటి. వేర్వేఱుగా త్రొక్కి చూడుడు. రెండును సమముగా పట్టవలయును. మడిలో బురదదున్నిన ట్రాక్టర్లకు వెనుక యిరుసు సీళ్లు చెడి, ఆయిలు కారి, బ్రేకులు జారుట తఱచు. చక్రముల లోపలిప్రక్క వంగి చూచినచో ఆయిలుమరక కనబడును.

ముందుభాగమును జాకీతో ఎత్తి, దిమ్మెలు పెట్టి, ముందుచక్రమును పైన క్రింద పట్టి ఊపుడు. లొటలొట లాడినచో బేరింగులు, కింగుపిన్నులు, బుష్షులు అరిగినవి. స్టీరింగు చక్రము చాలదూరము తిరిగినగాని ముందుచక్రము కదలకున్నచో అదియు వ్యయమే. జాకీమీద మాత్రమే నిలిచిన ట్రాక్టరు క్రిందికి ఎవ్వరును దూరరాదు.

లిఫ్టుకు బరువైన పనిముట్టును తగిలించి పైకెత్తి, ఇంజనును ఆపివేయుడు. మెల్లగా కొంచెము దిగుట పాతదానికి క్షమింపదగినదే. చూచుచుండగనే నేలకు కూలినచో లిఫ్టు లోపల పని యున్నది. ఎత్తినపుడు ఎక్కిళ్లవలె ఎగిరిపడుటయు మంచిది కాదు. పి.టి.ఓ. యనబడు వెనుకయిరుసును త్రిప్పి, దాని శబ్దమును వినుడు. రోటవేటరు మొదలగు పెక్కు పనిముట్లకు అది నిమిషమునకు 540 చుట్లు తిరుగునట్లు కట్టబడియుండును.

టైర్లను చివర చూడుడుగాని మఱువకుడు. వెనుకటైర్లు రెండు క్రొత్తవి కొనవలసివచ్చినచో వెలలో పెద్దభాగము వానికే పోవును. గుబ్బ లరిగినవా, ప్రక్కల పగుళ్లు గలవా యని చూడవలయును.

ఐదవ యడుగు: గంటల మీటరు

మోటారుసైకిలునకు కిలోమీటర్లు కొలతయైనట్లు ట్రాక్టరునకు గంటలు కొలత. మీటరు తక్కువగంటలు చూపినంతమాత్రమున సంతోషింపరాదు. తీగ తెగిన మీటరు ఏండ్లతరబడి ఒక్క అంకెమీదనే నిలిచియుండును. ఎద్దునకు పండ్లు చెప్పునట్లు, ట్రాక్టరు వయస్సును దాని పాదములు చెప్పును. క్లచ్చి, బ్రేకు పెడలుల యినుము నున్నగా అరిగి మెఱయుచున్నదా? స్టీరింగు పట్టు చోట నునుపెక్కినదా? ఆసనము క్రుంగినదా? పనిముట్లు తగిలించు రంధ్రములు కోడిగ్రుడ్డువలె సాగినవా? మీటరు వేయి గంటలని, ఈ గుఱుతులు ఐదువేలని చెప్పినచో గుఱుతులనే నమ్ముడు.

ఆఱవ యడుగు: పత్రములు

ఇంజను బాగుండి పత్రము బాగులేనిచో ఆ ట్రాక్టరు మీది కాదు. ఈ క్రిందివానిని సొమ్ము ఇచ్చుటకు ముందు చూడవలయును.

1. ఆర్.సి.లోని ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు ట్రాక్టరుమీద చెక్కిన నంబర్లతో అక్షరాక్షరము సరిపోవలయును. నంబరు చెక్కినచోట రాపిడిగాని, క్రొత్తరంగుగాని యున్నచో అనుమానింపుడు.

2. ఆర్.సి.లో బ్యాంకు లేక ఫైనాన్సు సంస్థ పేరున్నచో అప్పు తీఱినదను పత్రము, ఫారము 35 ఉండవలయును. "అప్పు ఎప్పుడో కట్టితిని" అను మాట చాలదు. పద్దు కొట్టివేయబడువఱకు ఆ సంస్థ హక్కు నిలిచియే యుండును.

3. పేరు మార్పునకు ఫారములు 29, 30 మీద అమ్మువాని సంతకము కావలయును. ఒక్క రాష్ట్రములోపలి యమ్మకమైనచో 1988 నాటి మోటారువాహనముల చట్టము ప్రకారము అమ్మువాడు పదునాలుగు దినములలోను, కొనువాడు ముప్పదిదినములలోను రవాణాకార్యాలయమునకు తెలుపవలయును.

4. మన జిల్లా రెండు రాష్ట్రముల సరిహద్దు. వేలూరు, గుడియాత్తమునుండియు, కోలారు, ముళబాగిలునుండియు ట్రాక్టర్లు చవుకగా వచ్చుచుండును. అట్టివానికి మొదట రిజిస్టరు చేసిన కార్యాలయము ఇచ్చు ఫారము 28, అనగా అభ్యంతరము లేదను పత్రము, తప్పక కావలయును. పండ్రెండునెలలకు మించి ఇచ్చటనే యుంచుకొన్నచో క్రొత్తనంబరు తీసికొనవలయును. అది లేని చవుకదనము చవుకదనము కాదు.

5. రిజిస్ట్రేషను పదునైదు సంవత్సరములు దాటినదా యని చూడుడు. దాటినచో పునరుద్ధరింపబడినదా యని అడుగుడు.

6. భీమా నడుచుచున్నదా? పేరు మారిన పదునాలుగు దినములలో భీమా సంస్థకును తెలుపవలయును. తొట్టిని కూడ కొనుచున్నచో దాని ఆర్.సి. వేఱుగా నుండును, దానినిగూడ అడుగుడు.

పేరు మార్పు "తరువాత చూచుకొందము" అనుట అమ్మువానికే యెక్కువ ప్రమాదము. అమ్మిన ట్రాక్టరు ఎవరినైన గాయపఱచినచో, ఆర్.సి.లో ఎవరి పేరున్నదో వారే చట్టము దృష్టిలో యజమానులనియు, పరిహారబాధ్యత వారిదే యనియు 2018 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. కావున ఈ సంగతి అమ్మువానికి చెప్పుడు. అతడే వేగిరపడి సంతకము చేయును.

ఏడవ యడుగు: వెల

చూచిన దోషముల నొక కాగితముమీద వ్రాయుడు. ఒక్కొక్కదాని మరమ్మతునకు ఎంతయగునో తోడు వచ్చిన మేస్త్రీని అడిగి ప్రక్కన వేయుడు. ఆ మొత్తమును అడిగిన వెలనుండి తీసి బేరమాడుడు. దోషములు లేని పాతట్రాక్టరు లేదు. తెలిసికొన్న దోషము వెలలో తగ్గును, తెలియని దోషము మన యింటికి వచ్చును. మేస్త్రీకి ఒకదినపు కూలి యిచ్చుట దండుగ యనుకొనరాదు. అతడు అమ్మువాని బంధువు గాని, దళారిచే పిలువబడినవాడు గాని కాకుండ చూచుకొనుడు.

సొమ్ము మొత్తము ఒక్కమారు ఇయ్యక, పేరు మారువఱకు కొంత నిలిపియుంచుడు. ఏమి చెల్లించితిరో, ఏమి మిగిలినదో, ఏ పత్రములు ముట్టినవో ఇరువురి సంతకములతో, ఇరువురు సాక్షులతో వ్రాయించుకొనుడు. సొమ్ము బ్యాంకు మూలముగా పోయినచో దానికదియే సాక్ష్యము. కొన్న పిమ్మట చేతిలో వెలలో పదవవంతైనను మిగులునట్లు చూచుకొనుడు. ఉన్నదంతయు ట్రాక్టరులో పెట్టినవానికి మొదటి మరమ్మతే అప్పుపత్రము.

ఎనిమిదవ యడుగు: ఇంటికి తెచ్చిన పిదప

తెచ్చిన వారములోనే ఇంజను ఆయిలు, ఆయిలు ఫిల్టరు, డీసెలు ఫిల్టర్లు మార్పింపుడు. పాతయజమాని ఎప్పుడు మార్చెనో అను సందేహము దీనితో పోవును. నాటినుండి లెక్క మనది. వేరుసెనగ చేలలో ఎఱ్ఱదుమ్ము లేచుకాలమున ఎయిర్ క్లీనరును ప్రతిదినము చూడుడు. ఇంజనును అరుగదీయువానిలో దుమ్మును మించినది లేదు. డీసెలు తొట్టెను పూర్తిగా ఎండనీయకుడు. గొట్టములలో గాలి చేరి ఇంజను నిలిచిపోవును. ఆ గాలిని తీయు పద్ధతిని మేస్త్రీ ప్రక్కన నిలిచి మొదటి దినమే నేర్చుకొనుడు.

ప్రాణమునకు సంబంధించిన నాలుగుమాటలు. దారిమీద పోవునపుడు రెండు బ్రేకు పెడలులను కలుపు కొక్కెమును తప్పక వేయుడు; ఒక్కచక్రమునకే బ్రేకు పడినచో ట్రాక్టరు పల్టీకొట్టును. తిరుగుచున్న పి.టి.ఓ. దగ్గఱకు పంచె కుచ్చెళ్లతోగాని, చీరకొంగుతోగాని పోరాదు. అది వస్త్రముతో మనిషినిగూడ చుట్టుకొనును. గట్టుల యంచున, వాలుమీద అడ్డముగా త్రిప్పరాదు. రెక్కమీద పిల్లలను కూర్చుండబెట్టరాదు. వినాయకచవితినాడు మొదలై ఇరువదియొక దినములు జరుగు బ్రహ్మోత్సవములకు తొట్టినిండ జనమును ఎక్కించుకొని పోవు వాడుక కలదు. తొట్టి సరకులకే గాని మనుష్యులకు కాదు. ప్రమాదమైనపుడు భీమాయు అడ్డుపడదు. లైసెన్సు లేనివాని చేతికి తాళమియ్యరాదు, అతడు కన్నకొడుకైనను సరే.

ముగింపు

మా మిత్రుని ట్రాక్టరు ఇపుడు బాగుగానే నడుచుచున్నది. అతడు తన పనికి తోడు ఇరుగుపొరుగువారికి దున్నుచు, ప్రతి గంటను పుస్తకములో వ్రాయుచున్నాడు. మొదటి సంవత్సరము నూటనలువది గంటలు వచ్చినది. రెండువందలకు ఇంకను అఱువది కొఱత. పుస్తకము చూపునపుడెల్ల "ఆ దినము ప్రొద్దుననే పోయియుండవలసినది" అని అతడు మాతో అనడు. అనకపోవుటయే మాకు భారముగా నున్నది.

కావున మా మనవి యొకటి. ప్రతి సంఘమునందును ట్రాక్టరు పని తెలిసిన ఇరువురు సభ్యులను, ఒక మేస్త్రీని ఏర్పఱచి, పాతయంత్రము కొనబోవు ఏ సభ్యునితోనైనను పంపుడు. ఈ పాఠములోని పరీక్షలను ఒక కాగితముమీద వ్రాసి, ఒక్కొక్కదాని యెదుట "చూచితిమి" అని వారిచే సంతకము చేయింపుడు. సంతకము లేని బేరమునకు సంఘము అప్పు ఇయ్యకుండుట మంచిది. దీనివలన అమ్ము సజ్జనునకు అవమానము లేదు. అతడు సత్యవంతుడని మనము నమ్ముచునే, అతనికిని తెలియనిదానిని మనము వెదకుచున్నాము.

క్రొత్తబండిని కొన్నవాడు దానిని తొలుత వినాయకుని సన్నిధికి తీసికొనిపోయి పూజ చేయించుట మన యాచారము. అట్లే చేయుడు. కాని పూజకు ముందురోజున కాదు, బేరమునకు ముందురోజున, సూర్యుడు పొడిచిన వేళ, చల్లని యింజనుమీద చేయి పెట్టి చూడుడు.

సంఘసభలో చదివి యడుగవలసిన ప్రశ్నలు

1. ఇంజను వెచ్చగా నున్నపుడు పరీక్ష ఏల చేయరాదు?
2. నల్లపొగ, నీలిపొగ, తెల్లపొగ వేనిని తెలుపును?
3. మీ సొంతపొలమునకు సంవత్సరమునకు ఎన్ని గంటల ట్రాక్టరుపని కలదు? లెక్కవేసి చెప్పుడు.
4. పొరుగురాష్ట్రపు ట్రాక్టరునకు ఏ పత్రము ముఖ్యము?
5. పేరు మార్పు ఆలస్యమైనచో అమ్మువానికి కలుగు ప్రమాదమేమి?